థైరాయిడ్ డోసు ఎంతో తేల్చేదెవరు? పంది థైరాయిడ్ మాత్రల గొడవ వెనక 1970ల మలుపు

థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవాళ్ల కోసం పంది థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి తయారుచేసే మాత్రల మీద అమెరికాలో గొడవ మళ్లీ రాజుకుంది. ఈ మాత్రలకు తామెప్పుడూ అనుమతి ఇవ్వలేదనీ, కంపెనీల మీద చర్యలు తీసుకుంటామనీ, వాడుతున్నవాళ్లు వేరే మందుకి మారడానికి 12 నెలలు టైమ్ ఇస్తున్నామనీ 2025 ఆగస్టులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. అంతకుముందు ఏడాది ఈ మందు రాయించుకున్నవాళ్లు దాదాపు 15 లక్షల మంది అన్న లెక్క కూడా ఆ సంస్థదే. రోగులు గట్టిగా ఎదురుతిరిగాక, మందు దొరక్కుండా పోదని ఆ సంస్థ అప్పటి కమిషనర్ మార్టీ మకారీ భరోసా ఇవ్వాల్సి వచ్చింది.

చవకైన, నమ్మకమైన లెవోథైరాక్సిన్ (ల్యాబ్‌లో తయారుచేసే థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఉండగా ఇంతమంది ఈ పాత మాత్రనే ఎందుకు పట్టుకుని ఉన్నారు? నా దృష్టిలో అసలు మలుపు 1970 నుంచి 1974 మధ్యలో ఉంది.

అప్పటిదాకా హైపోథైరాయిడిజానికి (థైరాయిడ్ హార్మోన్ తక్కువయ్యే జబ్బుకి) డోసు పెంచాలన్నా తగ్గించాలన్నా డాక్టర్ ముందు మనిషిని చూసేవాడు. నాడి ఎలా ఉంది, చర్మం ఇంకా పొడిబారుతోందా, చలికి తట్టుకోగలుగుతున్నారా, మలబద్ధకం తగ్గిందా, మడమ దగ్గర సుత్తితో కొడితే కాలు ఎంత వేగంగా స్పందిస్తోంది, ఇవీ కొలతలు. ఇలా చూసుకుంటూ పెంచితే లెవోథైరాక్సిన్ రోజుకి 200 నుంచి 400 మైక్రోగ్రాముల దాకా వెళ్లేది. 1970లో బ్రేవర్మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ అనే ముగ్గురు పరిశోధకులు థైరాయిడ్ పనిచేయనివాళ్లకు టీ4 (లెవోథైరాక్సిన్‌లో ఉండే హార్మోన్) ఒక్కటే ఇచ్చినా ఒంట్లో అది టీ3గా (అసలు పని చేసే థైరాయిడ్ హార్మోన్‌గా) మారుతోందని చూపించారు. దాంతో ఆ రెండు హార్మోన్లూ ఉన్న పంది మాత్ర ఇక అనవసరం అన్న నిర్ణయానికి వైద్యలోకం వచ్చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రక్తంలో టీఎస్‌హెచ్ (మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ని పనిచేయించడానికి వదిలే హార్మోన్, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) కొలిచే పరీక్ష వాడుకలోకి వచ్చింది. 1974లో స్టాక్, సర్క్స్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు ఈ పరీక్ష ఆధారంగా లెక్కగడితే టీఎస్‌హెచ్ నార్మల్‌కి రావడానికి సగటున 169 మైక్రోగ్రాములే సరిపోయాయి. 1987లో మరో బృందం చేసిన లెక్కలో అది 112కి దిగింది (ఈ రెండో తగ్గుదలలో కొంత భాగం మాత్రలదే, ఎందుకంటే పాత మాత్రల్లో లేబుల్ మీద రాసినంత మందు ఉండేది కాదు, ఈలోగా వాటి తయారీ మారింది).

డోసు తగ్గించడానికి గట్టి కారణం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. ఎక్కువ డోసు గుండెని, ఎముకల్ని దెబ్బతీస్తుంది. 60 ఏళ్లు దాటినవాళ్లలో టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, పదేళ్లలో గుండె లయ తప్పే జబ్బు వచ్చే అవకాశం మూడు రెట్లని 1994లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

కానీ ఆ మార్పులో ఇంకొకటి కూడా జరిగింది. డోసు తేల్చే పని మనిషి దగ్గర్నుంచి కాగితం మీద అంకెకి వెళ్లిపోయింది. రిపోర్టు నార్మల్ వచ్చాక కూడా ఒళ్లు బరువుగా ఉందనీ, మతిమరుపు తగ్గలేదనీ చెప్పే రోగికి "అది థైరాయిడ్ వల్ల కాదు" అన్న జవాబు దొరకడం మొదలైంది. ఇలాంటివాళ్లు చికిత్స తీసుకునేవాళ్లలో 5 నుంచి 10 శాతం ఉంటారని వైద్య పత్రికల్లోనే తరచూ రాస్తుంటారు. టీఎస్‌హెచ్ ప్రధానంగా పిట్యూటరీ గ్రంథికి హార్మోన్ సరిపోతోందా అన్నది చెబుతుంది. టీ4 మాత్ర మాత్రమే వేసుకుని టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్న కొందరిలో టీ3 మిగతావాళ్లకన్నా కాస్త తక్కువగానే ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అంటే వీళ్లు చెప్పుకునేదంతా ఊహ అని కొట్టిపారేయడానికి లేదు. 2013లో అమెరికాలో 70 మందికి, ఏది ఏ మాత్రో చెప్పకుండా, రెండు మందులూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి చూస్తే 34 మంది పంది థైరాయిడ్ మాత్రే బాగుందన్నారు, 13 మంది లెవోథైరాక్సిన్ అన్నారు, మిగతా 23 మందికి తేడా తెలియలేదు. పరీక్షల్లో మాత్రం రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. నాకు ఈ ఫలితంలో ముఖ్యంగా కనిపించేది ఆ 34 మందే.

ఎఫ్‌డీఏ అభ్యంతరం ఏమిటంటే ఈ మాత్రల్లో మందు ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ ఒకేలా ఉండకపోవచ్చని. ఇది ఉత్త మాట కాదు, 2020లోనే ఎన్‌పీ థైరాయిడ్ అనే బ్రాండ్ పంది మాత్రల్ని మందు ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని మరోసారి వెనక్కి తీసుకున్నారు. పైగా ఒక గ్రెయిన్ (దాదాపు 60 మిల్లీగ్రాముల పాత కొలత) మాత్రలో 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. మనిషి గ్రంథి దాదాపు 14 వంతుల టీ4కి ఒక వంతు టీ3 వదులుతుంది. ఆ లెక్కన ఈ మాత్రలో టీ3 బాగా ఎక్కువ.

అయితే సరిగ్గా ఇదే నేరం ఒకప్పుడు లెవోథైరాక్సిన్ మీదా మోపారు. మార్కెట్లో ఉన్న ఏ లెవోథైరాక్సిన్ మాత్రా స్థిరంగా ఒకే బలంతో ఉంటుందని రుజువు కాలేదని 1997లో ఎఫ్‌డీఏనే ప్రకటించింది. అప్పటికి ఆ మందు దశాబ్దాలుగా అనుమతి లేకుండానే అమ్ముడవుతోంది. అయినా మందుని ఆపేయలేదు, దరఖాస్తు చేసుకోవడానికి కంపెనీలకు ఏళ్ల తరబడి గడువు ఇచ్చింది, పొడిగించింది కూడా. తొలి అనుమతి వచ్చింది 2000లో. ఇప్పుడు పాత మాత్రకూ అలాంటి దారే చూపమని రోగులు అడుగుతుంటే అది గొంతెమ్మ కోరికేమీ కాదు.

మన దగ్గర ఈ పంది మాత్రల వాడకం పెద్దగా లేదు, దాదాపు అందరూ లెవోథైరాక్సినే వేసుకుంటారు. గొడవ మాత్రం ఇక్కడా అదే. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. వీళ్లలో రిపోర్టు నార్మల్ వచ్చాక కూడా నీరసం పోనివాళ్లు మందు మార్చమని అడిగేముందు కొన్ని చూసుకోవాలి. మాత్ర పరగడుపున వేసుకుంటున్నారా, వెంటనే కాఫీ తాగేస్తున్నారా, ఐరన్ కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉంటోందా, డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్ట్ చేయించారా అన్నవి. రక్తహీనత, విటమిన్ లోపాలు, నిద్ర సమస్యలు ఉన్నా ఇలాంటి నీరసమే వస్తుంది. ఇవన్నీ చూశాక కూడా బాగోలేదంటే డాక్టర్ ఆ మాట వినాలి. డోసు మాత్రం ఎవరికి వాళ్లు పెంచుకోకూడదు.

టీ4కి టీ3 కలిపి ఇచ్చి చూసిన ట్రయల్స్ చాలావరకు ప్రత్యేకమైన మేలేమీ లేదనే తేల్చాయి. డాక్టర్లు ఇప్పటికీ వాటినే చూపిస్తారు. కానీ వాటిలో చాలావాటికి, లెవోథైరాక్సిన్‌తో తృప్తి లేనివాళ్లని ప్రత్యేకంగా ఎంచుకుని తీసుకోలేదు. బాగానే ఉన్నవాళ్లూ బాగోలేనివాళ్లూ అందరూ కలిసిపోయారు. ఇకమీదట చేసే ట్రయల్స్‌లో అలా తృప్తి లేనివాళ్లనే తీసుకోవాలని అమెరికా, బ్రిటన్, యూరప్ థైరాయిడ్ సంఘాలు 2021లో కలిసి రాశాయి.