ఇంటి వంటలో కొత్తదనం: మన ఓరుగల్లు వంటిళ్లలో అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో నేను శాకాహార వంట నేర్పుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "అక్కా, ఎప్పుడూ అదే పప్పు, అదే సర్వప్ప. పిల్లలకు బోర్ కొడుతోంది. ఏదన్నా కొత్తగా చెప్పు."

అడగాల్సిన మాటే. మన వంట ఎప్పుడూ ఒక్కచోట ఆగలేదు. మిరపకాయ, మక్కజొన్న, పల్లీ ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంటలు. ఇవాళ అవి లేకుండా తొక్కు లేదు, గారె లేదు, సర్వప్ప లేదు. కాబట్టి మార్చడం తప్పు కాదు. అయితే ఒక వంటలో ఒక్కో పని ఎందుకు చేస్తున్నామో తెలిస్తేనే ఏది మార్చొచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తెలుస్తుంది. ఆ "ఎందుకు" దగ్గరే చాలా అపోహలున్నాయి.

అపోహ: చీజ్, పనీర్, మయోనీస్ పడితేనే అది కొత్త వంట.

వాస్తవం: సర్వప్పనే తీసుకుందాం. సర్వపిండి అన్నా, గిన్నెప్ప అన్నా పద్ధతి ఒకటే. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, కారం, ఉప్పు కలిపి, గుండ్రటి అడుగున్న గిన్నెకు నూనె రాసి, పిండిని పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, మూత వేసి సన్నని మంట మీద కాలుస్తాం. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. పిండిలోని తడి, వేడికి ఉడికిన గంజి, ఈ రెండే దాన్ని విడిపోకుండా పట్టి ఉంచుతాయి. మూత కింద ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తే, అడుగున నూనె కరకరలాడేలా చేస్తుంది. చిల్లుల్లో వేసిన నూనె అడుగుకు దిగుతుంది, ఆవిరి ఆ దారినే పైకి వస్తుంది. చిల్లులు అందం కోసం పెట్టేవి కావు.

ఇప్పుడు ఇందులో చీజ్ కలిపితే ఏమవుతుంది? అడుగు గట్టిపడకముందే చీజ్ కరిగి కిందికి జారుతుంది, గిన్నెకు అంటుకుని మాడుతుంది. పైన మెత్తగా, కింద నల్లగా వస్తుంది. అదే మార్పును పిండి తడిలో చెయ్యండి. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు బీట్‌రూట్ తురుము తీసుకుని, ముందుగా తురుముకు ఉప్పు రాసి పది నిమిషాలు పక్కన పెట్టండి. ఉప్పుకు తురుములోని నీళ్లు కొంతవరకు బయటికి వస్తాయి. ఆ నీళ్లతోనే పిండి కలపడం మొదలుపెట్టి, చాలకపోతేనే మామూలు నీళ్లు చల్లుకోండి. సొరకాయ, కీర, గుమ్మడికాయ దేనితోనైనా ఇంతే. చాలామంది ముందు నీళ్లు పోసి పిండి కలిపి, తర్వాత తురుము వేస్తారు. ఉప్పు తగిలి తురుము నీళ్లు వదిలేసరికి పిండి జారిపోతుంది, మళ్లీ పిండి కలుపుతారు, రుచి చప్పబడుతుంది. బియ్యప్పిండిలో సగం వరకు జొన్నపిండి కూడా వాడుకోవచ్చు, దాన్ని మాత్రం వేడినీళ్లతో కలపాలి. మార్చకూడనివి రెండు: పలుచదనం, సన్నని మంట. ఇంకో సంగతి, మొదటిది తీసిన వెంటనే వేడి గిన్నెలో రెండోది ఒత్తకండి. చెయ్యి కాలుతుంది, పిండి సమంగా పరుచుకోదు. అందుకే మన ఇళ్లలో రెండు గిన్నెలు పెట్టుకుని మార్చి మార్చి చేస్తారు.

అపోహ: ఎంత ఎర్రగా ఉంటే అంత కారం.

వాస్తవం: వరంగల్‌లో ఉండి ఈ మాట అనకూడదు. మన చపాటా మిరపకాయనే చూడండి. ఎర్రదనంలో దానికి సాటి వచ్చేవి తక్కువ, కారం మాత్రం చాలా తక్కువ. బొద్దుగా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దీనికి వరంగల్ చపాటా పేరుతో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అది మన జిల్లా రైతుల చేతి పంటకు దక్కిన గౌరవం, నాకు అది చాలా సంతోషంగా అనిపించింది. ఎనుమాముల మార్కెట్‌లో చపాటా, తేజ పక్కపక్కనే కనిపిస్తాయి. సన్నగా ఉండే తేజ నాలుకను మండిస్తుంది, చపాటా కూరకు రంగు ఇస్తుంది. రంగునిచ్చే పదార్థం క్యాప్సాంథిన్, మంట పుట్టించేది క్యాప్సైసిన్. రెండింటికీ సంబంధం లేదు.

కారం గింజల్లో ఉంటుందన్నది కూడా పొరపాటే. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. గింజలకు దాని రసం అంటుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. పిల్లల కోసం మిర్చి బజ్జీ చేస్తుంటే గింజలు దులిపి ఊరుకోకండి, ఆ ఈనెను కూడా గీకి తియ్యండి. నోరు మండితే నీళ్లు తాగినా తగ్గదు, ఎందుకంటే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పెరుగో పాలో తాగితే తగ్గుతుంది.

దీంతో ఒక మంచి మార్పు చేసుకోవచ్చు. ఎండు చపాటా కాయలు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఎల్లిగడ్డ, జీలకర్ర, ఉప్పు, కొంచెం చింతపండుతో మెత్తగా రుబ్బండి. ఘాటు కావాలనుకుంటే రెండు తేజ కాయలు కలపండి. పల్లీ నూనె వేడి చేసి, పొగ రాకముందే దింపి, ఆ ముద్దను అందులో వేసి కలపండి. రంగు నూనెలోనే దిగుతుంది కాబట్టి నూనె నిగనిగలాడుతుంది, మరీ కాగిన నూనె అయితే ముద్ద మాడి రంగు చచ్చిపోతుంది. ఈ తొక్కును దోశ మీద పూయండి, మిగిలిన ఇడ్లీ ముక్కలకు పట్టించి వేయించండి, జొన్నరొట్టెలో పెట్టి చుట్టివ్వండి. సాస్ సీసా కొనాల్సిన పనే ఉండదు.

అపోహ: పప్పు ఉడకడం లేదంటే ముందే ఉప్పు వేసినందుకే.

వాస్తవం: "అక్కా, మూడు విజిల్స్ వచ్చినా పప్పు ఉడుకుతలేదు" అని ఎవరైనా అంటే, నేను ముందు ఏ నీళ్లు పోశారని అడుగుతాను. మన దగ్గర చాలా కాలనీల్లో బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్‌ను పట్టుకుని మెత్తబడనివ్వవు. పప్పు పాతబడినా ఇదే ఇబ్బంది. ఉప్పు అలా చెయ్యదు. నానబెట్టే నీళ్లలో ఉప్పు వేస్తే శనగల్లాంటి గింజలు ఇంకా తొందరగా మెత్తబడతాయి. కాబట్టి పప్పు నానబెట్టడానికి, ఉడికించడానికి ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు వాడండి.

పప్పును ఉడకనివ్వని ఇంకోటి పులుపు. చింతపండు, టమాటా, పుంటికూర (గోంగూర) ముందే వేస్తే గింజ బిర్రుగా ఉండిపోతుంది. పప్పు పూర్తిగా ఉడికాకే పులుపు వెయ్యాలి. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. పప్పు మెత్తబడుతుంది, నిజమే, కానీ అందులోని బి1 విటమిన్ పాడవుతుంది, జిగురు వస్తుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

ఈ సంగతి తెలిస్తే పుంటికూర పప్పు కొత్తగా చెయ్యడం తేలిక. పెసరపప్పును కొంచెం పలుకుగా విడిగా ఉడికించండి. నూనెలో దంచిన ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుంటికూర విడిగా మగ్గించండి. వడ్డించే ముందు రెండూ కలిపి, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పైన చల్లండి. ముద్దపప్పులా కాకుండా పప్పు రుచి, ఆకు పులుపు వేరువేరుగా తెలుస్తాయి.

అపోహ: పచ్చిపులుసు అంటే చారు పెట్టే టైం లేనప్పుడు చేసుకునేది.

వాస్తవం: మరిగించకపోవడమే దాని గొప్పతనం. పచ్చి ఉల్లిగడ్డ కరకర, కాల్చిన పచ్చిమిర్చి వాసన, కొత్తిమీర తాజాదనం పొయ్యి మీద పెడితే పోతాయి. ఉల్లిగడ్డను ఉప్పుతో చేత్తో పిసికితే రసం పులుసులో కలుస్తుంది. వేయించిన నువ్వుల పొడి చిక్కదనం ఇస్తుంది. ఎండాకాలంలో చింతపండుకు బదులు మామిడికాయను మంట మీద కాల్చి, తోలు తీసి, గుజ్జు పిసికి చెయ్యండి. కాలిన వాసనతో ఆ పులుపు రుచే వేరు. కిచిడీతో తిని చూడండి. ఏ పూటది ఆ పూటే తినాలి, మర్నాటికి ఉల్లిగడ్డ వాసన మారిపోతుంది.

అపోహ: జొన్నరొట్టె విరగకుండా రావాలంటే గోధుమపిండి కలపాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. మరిగే నీళ్లు చాలు. గోధుమపిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నలో లేదు కాబట్టి, వేడికి ఉడికిన గంజే పిండిని పట్టి ఉంచాలి. పిండి కొత్తది అయ్యుండాలి. పాలకూరతో చెయ్యాలనుకుంటే ఆకు తరిగి వెయ్యకండి, ఆ ముక్క ఉన్నచోటే రొట్టె చీలుతుంది. ఆకును మెత్తగా రుబ్బి, నీళ్లలో కలిపి మరిగించి, ఆ పచ్చటి నీళ్లనే పిండిలో పొయ్యండి.

అపోహ: చలికాలంలో సోడా లేకుండా ఇడ్లీ పిండి పొంగదు.

వాస్తవం: పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు 28 నుంచి 32 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మన దగ్గర అంత వేడి ఉండదు కాబట్టి పులవడం ఆలస్యమవుతుంది, అంతే. పిండి గిన్నెను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి, దుప్పటి కప్పి, ఇంకో నాలుగు గంటలు ఆగండి. పొంగిన గాలిని పట్టి ఉంచేది మినప్పప్పు. అందుకే బియ్యపు రవ్వకు బదులు జొన్న రవ్వ వేసినా ఇడ్లీ వస్తుంది, మినప్పప్పును మాత్రం తగ్గించకూడదు. మినప్పప్పు ఒకటికి జొన్న రవ్వ రెండు కొలత పెట్టుకుని, రవ్వను నాలుగైదు గంటలు నానబెట్టండి.

అపోహ: మక్క గారెలకు స్వీట్ కార్న్ ఇంకా బాగుంటుంది.

వాస్తవం: ఇది వింటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే కరీంనగర్, జగిత్యాల, వరంగల్ వైపు వానాకాలం చివర మంచి మక్క కంకులు బండ్ల మీదే దొరుకుతాయి. స్వీట్ కార్న్‌లో చక్కెర, నీళ్లు ఎక్కువ, పిండి పదార్థం తక్కువ. రుబ్బితే జారుగా అవుతుంది, నూనెలో విడిపోతుంది, పైన తొందరగా నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. నాటు కంకి అయితే గోరుతో గుచ్చినప్పుడు పాలు కారాలి, కానీ గింజ మరీ నీళ్లగా ఉండకూడదు. అలాంటి గింజల్ని నీళ్లు పొయ్యకుండా, పచ్చిమిర్చి, అల్లం, ఎల్లిగడ్డ, జీలకర్రతో కచ్చాపచ్చాగా రుబ్బితే వేరే పిండి కలపకుండానే గారె నిలుస్తుంది. ఇందులో కొత్తదనం కావాలంటే కొత్తిమీరకు బదులు మెంతికూర వెయ్యండి, లేదా ఆ పిండినే గుంత పొంగనాల పెనంలో తక్కువ నూనెతో కాల్చండి. ఇంట్లో స్వీట్ కార్న్ మాత్రమే ఉంటే దానితో పాయసం చెయ్యండి, ఆ తీపి అక్కడ పనికొస్తుంది.

అపోహ: సకినాల్లో కూడా బీట్‌రూట్, పాలకూర వేసి రంగురంగులుగా చేసుకోవచ్చు.

వాస్తవం: సంక్రాంతికి ముందు ఈ మాట తప్పకుండా వస్తుంది. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లించి, నువ్వులు, ఓమ, ఉప్పు, నీళ్లు మాత్రమే కలుపుతాం. బట్ట మీద చుట్లు చుట్టి కాసేపు వదిలేస్తే బట్ట ఆ తడిని పీల్చుకుంటుంది. సరిపడా తడి తగ్గాకే నూనెలో వేస్తాం, అందుకే అవి అంత గుల్లగా వస్తాయి. కూరగాయ గుజ్జు కలిస్తే నార అడ్డొచ్చి చుట్టు తెగుతుంది. బీట్‌రూట్‌లోని చక్కెర వల్ల లోపల కరకరలాడకముందే పైన మాడు రంగు వస్తుంది, కోరుకున్న రంగు కూడా నూనెలో నిలవదు. ఆడపిల్ల సారెలో పెట్టే వంట ఇది, చేతి పనితనమే దాని అందం.

కొత్తదనం తినే దగ్గర చూపించండి. ఎంత జాగ్రత్తగా చేసినా డబ్బా అడుగున విరిగిన సకినాలు మిగులుతాయి. వాటిని ముక్కలుగా నలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, గింజలు తీసిన టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, పైన చెప్పిన చపాటా తొక్కు ఒక చెంచా, నిమ్మరసం వేసి కలపండి. నిమ్మరసం ఆఖరున పిండాలి, కలిపిన వెంటనే తినెయ్యాలి. పది నిమిషాలు ఆగితే సకినం మెత్తబడిపోతుంది.