కలప బడులను జపాన్ ఎందుకు వదిలేసింది, మళ్లీ ఎలా మొదలుపెట్టింది

ప్రభుత్వం కట్టే తక్కువ అంతస్తుల భవనాలను వీలున్నంత వరకు కలపతోనే కట్టాలని జపాన్ 2010లో ఒక చట్టం తెచ్చింది. 2021లో దాన్ని సవరించి ప్రైవేటు భవనాలనూ అందులోకి తీసుకొచ్చింది. అదే దేశంలో 1959 అక్టోబరులో వాస్తు నిపుణుల జాతీయ సంస్థ పూర్తిగా ఎదురుదిక్కు తీర్మానం చేసింది: మంటలు, గాలివానలు, వరదల నుంచి జనాన్ని కాపాడాలంటే కలప కట్టడాలను నిషేధించాలని. ఆ తీర్మానం తర్వాత కలప బడుల నిర్మాణం దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ కడుతున్న ఇంజినీర్లకు కలప కొత్త కాదు గానీ, మధ్యలో ఒక తరం పాటు తెగిపోయిన పని అనుభవాన్ని తిరిగి కూడగట్టుకోవడమే కష్టంగా ఉంది.

1872లో జపాన్ దేశమంతటికీ ఒకే విద్యా విధానం ప్రకటించింది. ఊరూరా బడి కావాలి, ఊరూరా ఉన్నది వడ్రంగులే. నగానో ప్రాంతంలోని మత్సుమోతో పట్టణంలో 1876లో కట్టిన కైచి పాఠశాలలో ఆ కాలం కనిపిస్తుంది. కట్టింది తతేయిషి సెయిజు అనే స్థానిక మేస్త్రి. దూరం నుంచి రాతి మూలలున్న పాశ్చాత్య భవనంలా ఉంటుంది, పైన ఎనిమిది పలకల బురుజు ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఆ రాళ్లన్నీ సున్నపు పూతతో తీర్చినవే. లోపలి ఎముకలన్నీ కలపే. ఖర్చులో ఎక్కువ భాగం పట్టణ ప్రజలే చందాలేసుకుని పెట్టుకున్నారు. 1963 దాకా అక్కడ పిల్లలు చదువుకున్నారు. 2019లో దాన్ని జాతీయ నిధిగా ప్రకటించారు.

ఆ తర్వాత విద్యాశాఖ బడులకు ఒక నమూనా ఖరారు చేసింది. తరగతి గది సుమారు 7.2 మీటర్లు, 9 మీటర్లు. గదులన్నీ ఒకే వరుసలో, దక్షిణాన వెలుతురుకు పెద్ద కిటికీలు, ఉత్తరాన పొడవాటి వరండా. ఈ నమూనా దేశమంతా పాకింది. పిల్లల కళ్లకూ, చలికాలపు ఎండకూ ఇది చాలా మంచి ఏర్పాటు. గాలికి మాత్రం కాదు.

1934 సెప్టెంబరు 21 ఉదయం మురోతో తుపాను ఒసాకా ప్రాంతాన్ని తాకింది. పిల్లలు బడికి చేరుకునే వేళ. వరుసగా కలప బడులు కూలాయి, వందలాది మంది పిల్లలు, వాళ్లతో పాటు ఉపాధ్యాయులు చనిపోయారు. ఎందుకు కూలాయో అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. సెకనుకు 60 మీటర్ల వేగంతో వచ్చే గాలి ప్రతి చదరపు మీటరు గోడ మీద సుమారు 220 కిలోల బరువుతో నెడుతుంది. రెండంతస్తుల బడి ఎత్తు 8 మీటర్లు, గది పొడవు 9 మీటర్లు అనుకుంటే, ఒక్కో గది ముందు 72 చదరపు మీటర్ల గోడ గాలికి ఎదురుగా నిలుస్తుంది. అంటే సుమారు 16 టన్నుల తోపుడు. ఆ తోపుడును నేలకు దించగలిగింది గదికీ గదికీ మధ్య ఉన్న అడ్డగోడ ఒక్కటే. వరండా వైపూ కిటికీల వైపూ ఉన్నవి స్తంభాలూ అద్దాలే, అవి ఆ దిక్కున దేన్నీ ఆపలేవు.

ఆ అడ్డగోడలో ఏటవాలు బద్దెలు సన్నగా ఉన్నా, వాటి కొసలు రెండు మేకులతోనే నిలిచినా, తోపుడు వచ్చినప్పుడు బద్దె విరగకముందే మేకులు ఊడతాయి. పై అంతస్తు నేల ఒకే పలకలా గట్టిగా లేకపోతే తోపుడు అడ్డగోడ దాకా చేరనే చేరదు, మధ్య స్తంభాలు విడివిడిగా ఒరుగుతాయి. స్తంభాల పాదాలు తేమకు కుళ్లి ఉంటే ఇక చెప్పేదేముంది. లోపం అతుకులోనూ, అడ్డగోడల లెక్కలోనూ, నిర్వహణలోనూ ఉంది. నింద మాత్రం కలప మీద పడింది. అన్ని చిన్న శవపేటికలు చూసిన ఊళ్లు కాంక్రీటే కావాలని పట్టుబడితే తప్పుపట్టలేం. టోక్యో అప్పటికే, 1923 భూకంపం తెచ్చిన మంటల్లో కాలిపోయిన తన ప్రాథమిక పాఠశాలలను కాంక్రీటుతో తిరిగి కట్టుకుంది.

యుద్ధం తర్వాత కాంక్రీటుకు సిమెంటూ ఉక్కూ లేవు. 1947లో మాధ్యమిక విద్య కూడా నిర్బంధమవడంతో ఒక్కసారిగా వేల గదులు కావాల్సి వచ్చాయి. దొరికిన కలపను ఆరీ ఆరకముందే వాడి కట్టారు. 1956లో కలప బడుల నిర్మాణానికి జేఐఎస్ ఏ 3301 పేరుతో జాతీయ ప్రమాణం వచ్చింది. స్తంభం కొలత నుంచి బద్దె కొసన బిగించే బోల్టు దాకా అందులో ఉన్నాయి.

అప్పటికే గాలి మారింది. యుద్ధకాలంలో విచ్చలవిడిగా నరికిన కొండలు బోడిగా మిగిలాయి, వానొస్తే మట్టి కొట్టుకొచ్చేది. కలప పొదుపు చేయాలని, భవనాల్లో దాని బదులు వేరే సామగ్రి వాడాలని 1955లో మంత్రివర్గం నిర్ణయించింది. 1959 సెప్టెంబరు 26న ఇసే అఖాతం తుపాను వచ్చి ఐదు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. నగోయా రేవు పక్కన చెరువుల్లో నిల్వ ఉంచిన భారీ దుంగలు ఉప్పెనతో లేచి ఇళ్ల మీదికి దూసుకొచ్చాయి. తర్వాతి నెలలోనే ఆ తీర్మానం. అడవుల కొరత, అగ్ని భయం, గాలి భయం మూడూ ఒకే చోట కలిశాయి.

1985 దాకా సాగిన ఆ విరామంలో జరిగిన నష్టం బయటికి కనబడేది కాదు. పెద్ద కలప భవనాల లెక్కలు నేర్చుకునే ఇంజినీర్లు తగ్గిపోయారు. పురపాలక సంఘాల్లో కలప ఒప్పందం రాయడం తెలిసిన ఉద్యోగులు పదవీ విరమణ చేశారు. మరోవైపు బోడి కొండల మీద నాటిన సుగి (జపాన్ దేవదారు), హినోకి (జపాన్ సైప్రస్) మొక్కలు పెరుగుతూనే ఉన్నాయి. ఈ నాటిన అడవి సుమారు కోటి హెక్టార్లు. 1964కల్లా విదేశీ కలపకు తలుపులు పూర్తిగా తెరుచుకోవడంతో ఆ చెట్లను కొనేవాళ్లు కరువయ్యారు. 2002 నాటికి దేశ కలప అవసరాల్లో సొంత అడవుల వాటా 18.8 శాతానికి పడిపోయింది. కొట్టకుండా వదిలేసిన సుగి తోటల పుప్పొడి ఈరోజు కోట్లాది మందికి ప్రతి వసంతంలోనూ తుమ్ములు, కళ్ల మంటలు తెస్తోంది. కాబట్టి కలప బడి అక్కడ అడవిని చూసుకునే విధానంలో కూడా భాగం.

1985లో విద్యాశాఖ బడుల్లో కలప వాడకాన్ని ప్రోత్సహించమని లేఖ పంపింది. 1987లో భవన చట్టంలో కీలకమైన మార్పు వచ్చింది. దాని వెనకున్న ఆలోచన ఇది: లావుపాటి దూలం బయటి నుంచి కాలుతుంది, పైన ఏర్పడిన బొగ్గు పొర లోపలి చెక్కకు వేడి సోకకుండా అడ్డుపడుతుంది. కాలడం ఆగదు, నిదానిస్తుంది. మందం తగ్గే వేగం ముందే తెలిసినప్పుడు, అంత మందాన్ని ముందే కలిపి కట్టవచ్చు. జిగురుతో పలకలు అతికించి చేసిన గ్లూలామ్ దూలాలకు అరగంటకు 25, ముప్పావు గంటకు 35, గంటకు 45 మిల్లీమీటర్లు వదిలేయాలన్నది లెక్క. కోత కలపకైతే 30, 45, 60. ఉదాహరణకు బరువు మోయడానికి 120 మి.మీ. వెడల్పు, 240 ఎత్తు ఉన్న గ్లూలామ్ దూలం చాలనుకుందాం. పైభాగం నేల కింద కప్పి ఉంటుంది, మూడు ముఖాలు మంటకు ఎదురుగా ఉంటాయి. గంట నిలవాలంటే అటూ ఇటూ 45 చొప్పున వెడల్పు 210, కింద 45 కలిపి ఎత్తు 285 కావాలి. ఇక్కడ ఎక్కువగా తప్పేది అతుకుల దగ్గరే. దూలాన్ని లావు చేసి, దాన్ని స్తంభానికి కలిపే ఇనుప పలకను బయట బిగిస్తే, మంటలో ముందుగా ఇనుమే వేడెక్కి మెత్తబడుతుంది, బోల్టు చుట్టూ చెక్క బొగ్గవుతుంది. పలకను దూలం లోపలి గాడిలో దాచి, బోల్టు తలలను చెక్క బిరడాలతో మూయాలి.

అయినా మూడంతస్తుల బడి కలపతో కట్టడానికి చాలాకాలం దారి లేదు. దాన్ని తేల్చడానికి నిజమైన బడినే కట్టి కాల్చారు. 2012 ఫిబ్రవరిలో త్సుకుబా పట్టణంలో జరిగిన మొదటి పరీక్షలో గోడలూ కప్పూ చెక్కతోనే ఉన్నాయి. కింది అంతస్తులో అంటించిన మంట కిటికీల్లోంచి బయటికొచ్చి కొద్ది నిమిషాల్లోనే పైఅంతస్తులకు ఎక్కింది. ఫలితం భయపెట్టింది గానీ, ఎక్కడ దిద్దాలో కూడా చూపించింది. అదే ఏడాది నవంబరులోనూ, 2013 అక్టోబరులోనూ గిఫు ప్రాంతంలోని గెరోలో చేసిన పరీక్షల్లో గది లోకప్పును కాలని పలకలతో మూశారు, గోడల చెక్క అలాగే ఉంచారు. మంట పెరిగే వేగం స్పష్టంగా తగ్గింది. గది మంటను పెంచేది ముఖ్యంగా లోకప్పు, ఎందుకంటే వేడి పొగ చేరేది అక్కడే. 2014లో చట్టం మారి 2015 జూన్ నుంచి, గంటసేపు నిలిచే నిర్మాణంతో, కిటికీల గుండా మంట పైకి పాకకుండా తగిన ఏర్పాట్లతో, మూడంతస్తుల కలప బడికి అనుమతి దొరికింది. ఆ ఏడాదే జేఐఎస్ ఏ 3301ను సవరించి, పెద్ద కలప భవనాల అనుభవం తక్కువగా ఉన్న ఇంజినీరు కూడా వాడుకునేలా చేశారు.

భవనం ఆకారాన్ని నిర్ణయించే నిబంధన ఇంకొకటుంది. మంటను తట్టుకునే నిర్మాణంగా లెక్కకు రాని కలప భవనాన్ని ప్రతి 1,000 చదరపు మీటర్లకూ అగ్నినిరోధక గోడతో విడగొట్టాలి. అందుకే చాలా కొత్త బడుల్లో కలప గదుల వరుసకూ వరుసకూ మధ్య మెట్లూ మరుగుదొడ్లూ ఉన్న కాంక్రీటు ముక్క ఒకటి కనిపిస్తుంది. అది ఏదో రాజీపడి చేసినది కాదు. మంటను అక్కడే ఆపుతుంది, నీళ్ల గొట్టాలను కలపకు దూరంగా ఉంచుతుంది, గాలి తోపుడులో కొంత భాగం తానే మోస్తుంది.

తేమ విషయంలో జపాన్ నిబంధనలు మన తీరప్రాంతానికి కొత్తగా అనిపించవు. చెక్క నేల కింది మట్టికి కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బయటి గోడ అడుగున ప్రతి 5 మీటర్లకు 300 చదరపు సెంటీమీటర్ల గాలి కన్నం ఉండాలి. నేల నుంచి మీటరు ఎత్తు దాకా నిర్మాణ కలపకు చెదలు, కుళ్లు పట్టకుండా మందు పట్టించాలి. ఇవన్నీ పాటించినా పాడయ్యే చోటు ఒకటుంది: చూరు కంటే బయటికి పొడుచుకొచ్చిన దూలం కొస. కొస నుంచి చెక్క నీటిని గొట్టంలా పీల్చుకుంటుంది. అందం కోసం దూలాన్ని బయటికి చూపించాలనుకుంటే పైన రేకు టోపీ పెట్టాలి, లేదా చూరే పొడవు పెంచాలి.

పాత తరం కలప బడికి ఎంత ఆయుష్షు ఉంటుందో ఎహిమె ప్రాంతం యావతహామాలోని హిజుచి ప్రాథమిక పాఠశాల చెబుతుంది. పురపాలక సంఘంలో ఉద్యోగం చేసిన వాస్తుశిల్పి మత్సుమురా మసత్సునే గీసిన ఈ బడిని 1956, 1958లలో రెండు భాగాలుగా కట్టారు. వరండాను తరగతి గదుల నుంచి కొంచెం ఎడంగా జరిపి, గదికి రెండు వైపులా వెలుతురు తెచ్చాడాయన. గోడలు పెంచకుండా సన్నని ఇనుప కడ్డీలతో బిగించి గాలిని ఎదుర్కొన్నాడు. 2004లో తుపాను దెబ్బతీశాక కూల్చాలా ఉంచాలా అని ఊళ్లో పెద్ద వాదన నడిచింది. చివరికి బాగుచేశారు. ఆ తర్వాతా పిల్లలు అక్కడే చదువుకున్నారు. 2012లో ముఖ్య సాంస్కృతిక ఆస్తిగా గుర్తించారు.

కొత్త బడుల్లో అన్నింటికంటే ఎక్కువగా తప్పుతున్నది కలప సమకూర్చుకోవడంలో. చదరపు మీటరు నేలకు ఉజ్జాయింపుగా 0.2 క్యూబిక్ మీటర్ల కోత కలప కావాలి. 3,000 చదరపు మీటర్ల బడికి 600 క్యూబిక్ మీటర్లు. దుంగలో సగం కోతలో పోతుంది కాబట్టి అడవి నుంచి 1,200 క్యూబిక్ మీటర్లు రావాలి. సుగి చేవ భాగంలో నీరు, ఎండు చెక్క బరువును మించి కూడా ఉండొచ్చు. దాన్ని 20 శాతానికి, వీలైతే 15 శాతానికి దించాలి. కలప ఆరబెట్టే వేడి గదిలో వేడి మరీ పెంచి తొందరపడితే పైన పగులు కనిపించదు, లోపల చీలుతుంది. ఆ చీలిక బోల్టు దిగే చోట పడితే అతుకు బలం పోతుంది. ఆరని కలప వాడితే ఏడాదిలో స్తంభం కుంచించుకుని బోల్టులు వదులవుతాయి, తలుపులు బిగుసుకుంటాయి. కానీ పురపాలక బడ్జెట్ ఒక్క ఏడాదిదే. గుత్తేదారుకు పని అప్పగించాక కలప కొనుక్కోమంటే చెట్టు కొట్టి, కోసి, ఆరబెట్టే సమయమే ఉండదు. అందుకని కొన్ని ఊళ్లు కలప కొనుగోలును నిర్మాణ ఒప్పందం నుంచి వేరుచేసి, ఏడాది ముందే చలికాలంలో చెట్లు కొట్టించి ఎండబెడుతున్నాయి. కొలతలు కూడా ఊళ్లోని కోతమిల్లుకు అలవాటైనవే వాడాలి: 105 లేదా 120 మి.మీ. స్తంభాలు, 3, 4, 6 మీటర్ల పొడవులు. వాస్తుశిల్పి 7 మీటర్ల ఒంటి దూలం గీశాడంటే అది ప్రత్యేక ఆర్డరే, ధరా గడువూ రెండూ పెరుగుతాయి.

ఇది మనకూ అక్కరకొచ్చే విషయం. 1993లో మన కేంద్ర ప్రజా పనుల విభాగం తన నిర్మాణాల్లో కలపను నిషేధించింది, 2020లో ఎత్తేసింది. కారణం అక్కడిలాగే అడవులు, తెగినదీ అక్కడిలాగే పని అలవాటు. కలప కట్టడాల లెక్కకు ఐఎస్ 883 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా బడి కప్పుకో, వరండాకో కలప వాడాలని మొదలుపెడితే, నమూనా గీయకముందే మిల్లుకు వెళ్లి ఏ జాతి, ఏ పొడవు, ఎంత తేమతో దొరుకుతుందో కనుక్కోవాలి. తేమ మీటరు 20 దాటి చూపించిన దూలాన్ని లారీ దించకుండానే వెనక్కి పంపే షరతు కొనుగోలు ఒప్పందంలోనే రాసుకోవాలి.