సూర్యుడి మచ్చలు, గోధుమల ధరలు

1801లో విలియం హెర్షెల్ లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు ఒక వింత లెక్క పెట్టాడు. సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గిన కాలాల్లో ఇంగ్లండులో గోధుమల ధర పెరిగిందన్నది దాని సారాంశం. పాతకాలపు ఎండ ఎంతో చెప్పే రికార్డులు చేతిలో లేక, ఆడమ్ స్మిత్ పుస్తకంలోని గోధుమల ధరల పట్టికనే థర్మామీటరుగా వాడుకున్నాడు. మచ్చలు తగ్గితే ఎండ తగ్గుతుంది, ఎండ తగ్గితే పంట తగ్గుతుంది, పంట తగ్గితే ధర పెరుగుతుంది. యురేనస్‌ను కనిపెట్టిన పెద్దమనిషి అని కూడా చూడకుండా నవ్వారు.

నిజానికి ఆయన సగం మాట సరిగ్గానే చెప్పాడు. మచ్చ నల్లగా ఉంటుంది కాబట్టి, మచ్చలు పెరిగితే సూర్యుడు మసకబారాలి అనిపిస్తుంది. జరిగేది మాత్రం తలకిందులు. మచ్చలతో పాటే వాటి చుట్టుపక్కల మామూలుకన్నా ప్రకాశవంతమైన ప్రాంతాలు పుడతాయి. మచ్చలు తగ్గించే వెలుగుకన్నా ఇవి పెంచే వెలుగు ఎక్కువ. అంటే మచ్చలెక్కువున్న సూర్యుడే కాస్త ఎక్కువ వేడి. ఇప్పుడు భూమి వేడెక్కడానికి కారణం సూర్యుడా, మనమా అన్న గొడవంతా ఆ 'కాస్త' ఎంత అన్న దగ్గరే.

మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని 1843లో హైన్రిక్ ష్వాబె అనే జర్మన్ పరిశీలకుడు ప్రకటించాడు (ఇప్పుడు సగటు 11 ఏళ్లు అంటున్నాం). అప్పటినుంచి ఆ చక్రానికి జోడీ వెతకడం ఒక వ్యసనమైపోయింది. స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త వ్యాపార సంక్షోభాలను తెచ్చి జతకట్టాడు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు నీటిమట్టం మచ్చలతో పాటే లేచి పడుతోందని 1920లలో చూపించారు. గ్రాఫు చూడముచ్చటగా కుదిరింది. కొన్నేళ్లకే ఆ బంధం తెగిపోయింది. ఊగే గీత ఒకటి చేతిలో ఉండి, పోల్చడానికి వందల గీతలు దొరుకుతుంటే, ఏదో ఒకటి కొంతదూరం పక్కనే నడుస్తుంది. ఒకే బస్సు ఎక్కినంత మాత్రాన చుట్టాలైపోరు కదా.

వీటన్నిటిలో బలమైన సాక్ష్యం 'మౌండర్ మినిమం'. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు మాయమయ్యాయి. జాక్ ఎడ్డీ అనే అమెరికా సౌర శాస్త్రవేత్త 1976లో ఈ సంగతిని గట్టిగా నిరూపించాడు. అదే కాలంలో యూరప్ చలికి వణికింది, థేమ్స్ నది గడ్డకడితే దాని మీద సంతలు పెట్టారు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ 'చిన్న మంచుయుగం' మచ్చలు మాయమవడానికి చాలా ముందే మొదలైంది, అవి తిరిగొచ్చాక కూడా సాగింది. దానికి పెద్ద పెద్ద అగ్నిపర్వతాల పాత్రా ఉంది. పాత లండన్ బ్రిడ్జి ఇరుకు కమానులు నీటిని నెమ్మదింపజేసేవి, అందుకే నది తేలిగ్గా గడ్డకట్టేది. 1831లో ఆ బ్రిడ్జిని కూల్చాక మంచు మీద సంతలూ పోయాయి. అన్నిటికన్నా నాకు నచ్చే సంగతి వేరే ఉంది. 1683-84 చలికాలం ఇంగ్లండు రికార్డుల్లోనే అతి చల్లనిది. రెండేళ్లకే, మచ్చల్లేని అదే సూర్యుడి కింద, 1685-86 చలికాలం చాలా వెచ్చగా గడిచింది.

1978 నుంచి ఊహలతో పని తగ్గింది, ఉపగ్రహాలు నేరుగా కొలుస్తున్నాయి. వాతావరణం పైన చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల సౌరశక్తి అందుతుంది. చక్రం గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా ఒక వాటు అటూ ఇటూ. భూమి గుండ్రం కాబట్టి దాన్ని నాలుగుతో భాగించాలి. మూడో వంతుకు కాస్త తక్కువ వెనక్కి ప్రతిఫలిస్తుంది, అదీ తీసేయాలి. మిగిలేది 0.2 వాట్ల లోపే. అదీ వస్తూ పోతూ ఉండేదే. 1750 నుంచి మనం పెంచిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే చేర్చింది 2 వాట్ల పైన, అది వెనక్కి పోయేది కాదు.

ఈ కొలతల్లోనూ ఒక చిక్కుంది. 1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రమాదం వల్ల ప్రయోగాలు ఆలస్యమై, 1989-91 మధ్య ఒక ముఖ్యమైన పరికరాల వరుసలో ఖాళీ వచ్చింది. ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్నదాన్ని బట్టి, సూర్యుడు కొద్దిగా పుంజుకున్నాడని ఒక బృందం, లేదని ఇంకో బృందం వాదించుకున్నాయి. నిజమైన శాస్త్రీయ తగాదానే. అయితే తర్వాత వచ్చిన 24వ మచ్చల చక్రం వందేళ్లలోకెల్లా బలహీనమైనది. 2019 డిసెంబరులో సూర్యుడు కనిష్ఠానికి దిగాడు. 2020 అప్పటిదాకా నమోదైన అతి వేడి సంవత్సరాల్లో ఒకటిగా నిలిచింది.

వెలుగు కాకపోతే మేఘాలు అన్నాడు డెన్మార్క్‌కు చెందిన భౌతికశాస్త్రవేత్త హెన్రిక్ స్వెన్స్‌మార్క్. సూర్యుడు చురుగ్గా ఉంటే అంతరిక్షం నుంచి భూమిని చేరే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి, దాంతో మేఘాలు తగ్గి భూమి వేడెక్కుతుందన్నది 1997 నాటి ఆ వాదన. కొట్టిపారేయాల్సింది కాదు, పరీక్షించాల్సింది. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ 'క్లౌడ్' అనే ప్రయోగం పెట్టి మరీ పరీక్షించింది. కాస్మిక్ కిరణాలు అతి సూక్ష్మ కణాలు పుట్టడానికి సాయపడుతున్నాయి. కానీ మేఘబిందువుకు విత్తనమయ్యేంత పెద్ద కణాల సంఖ్యను మార్చడంలో వాటి ప్రభావం చాలా తక్కువని తేలింది.

నన్ను ఒప్పించింది మాత్రం పైన ఉన్న గాలి. భూమి వేడెక్కడానికి సూర్యుడే కారణమైతే కింది గాలితో పాటు దాని పైపొర స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింద వేడెక్కి, పైన చల్లబడాలి. మనాబే, వెదరాల్డ్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు 1967లోనే ఈ లెక్క కట్టారు. ఉపగ్రహాలు చూపించింది పైన చల్లబడటాన్నే. అందులో కొంత ఓజోన్ తరుగుదల వల్ల, కానీ ఓజోన్‌తో పెద్దగా పని లేని ఎత్తుల్లోనూ అదే వరస.

అలాగని సూర్యుడికి ప్రమేయమే లేదనడం తప్పు. మొత్తం వెలుగు కేవలం 0.1 శాతం మారినా, అతినీలలోహిత కిరణాలు అంతకు ఎన్నో రెట్లు మారతాయి. అవి స్ట్రాటోస్ఫియర్‌లోని ఓజోన్‌ను కదిలిస్తే ఆ అలజడి కిందికి దిగి, యూరప్ చలికాలపు గాలుల తీరును కొంత మార్చగలదు. ఇప్పుడు అసలు పరిశోధన నడుస్తున్నది ఇక్కడే, ఏ ప్రాంతం, ఏ రుతువు అన్న వివరాల మీద.

మౌండర్ కాలం మళ్లీ వస్తే ఏమవుతుందన్నది కూడా లెక్కగట్టారు. 2010లో ఫాయిల్నర్, రామ్‌స్టార్ఫ్ అనే శాస్త్రవేత్తలు చేసిన అంచనా ప్రకారం 2100 నాటికి తగ్గేది 0.3 డిగ్రీలకు మించదు. 1850-1900 సగటుతో పోలిస్తే భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది.