మేం పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?

ఆటిజం (మాట్లాడటం, నలుగురితో కలవడం, ప్రవర్తన చిన్నప్పటి నుంచీ వేరుగా ఉండే స్థితి) ఉన్న పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసినచోట మాట చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. దీనికి ఇప్పటికీ సరైన జవాబు దొరకకపోవడానికి ఒక కారణం ఉంది. ఆటిజాన్ని మొదటి నుంచీ చిన్నపిల్లల సమస్యగానే చూశారు.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని తన జాబితాలో చేర్చినప్పుడు కూడా 'శిశు ఆటిజం' అనే రాసుకుంది. ఆ పిల్లలు పెద్దవాళ్లవుతారన్న ఊసే ఆ పేరులో లేదు.

ఆ 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మూడేళ్ల వయసులో ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాదికల్లా అమ్మానాన్నలు వెనక్కి తెచ్చుకున్నారు. ఆయన మిసిసిపీలోని ఫారెస్ట్ అనే సొంత ఊళ్లోనే బతికాడు. బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్లకు కన్నుమూశాడు. కుటుంబానికి డబ్బుంది, నిజమే. అయినా ఊరు ఆయన్ని తనవాడిగా చూసుకుంది, అది డబ్బుతో వచ్చేది కాదు. 1971లో కానర్ ఆ పిల్లల ఆచూకీ మళ్లీ తీశాడు. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఏళ్లు గడిపినవాళ్లు చిన్నప్పుడు నేర్చుకున్నవి కూడా పోగొట్టుకుని కనిపించారు.

పెద్దల ఆరోగ్యం మీద చూపు పడింది ఇంకా ఆలస్యంగా. 2016లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో, చనిపోయిన ఆటిజం ఉన్నవారి సగటు వయసు 54, మిగతావారిది 70. (ఇది ఆ అధ్యయన కాలంలో చనిపోయినవారి సగటు మాత్రమే. ఆటిజం ఉన్నవారందరి ఆయుష్షూ ఇంతేనని ఎవరూ టెన్షన్ పడొద్దు.) మేధోపరమైన లోపం కూడా ఉన్నవారిలో మూర్ఛ, అది లేనివారిలో ఆత్మహత్య ముఖ్యమైన కారణాలుగా తేలాయి. వీటికి తోడు వీళ్లలో చాలామంది తట్టుకోలేని ఆసుపత్రి గోల, లైట్లు, గంటల తరబడి క్యూ. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పలేని మనిషి తల బాదుకుంటే 'ఆటిజం కదా, అంతే' అని పంపేస్తే పన్ను నొప్పి కూడా బయటపడదు.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. తల్లిదండ్రులు పట్టుబట్టాక 1999లో ఆటిజం ఉన్నవారికీ వర్తించే నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. తల్లిదండ్రులు చనిపోతే ఆ బిడ్డల సంరక్షణ ఎలాగన్నది ఈ చట్టం ఉద్దేశాల్లోనే రాశారు. 18 ఏళ్లు దాటినవారికి గార్డియన్‌ను నియమించే జిల్లా కమిటీ, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా, పెద్దలు జీవితాంతం ఉండేందుకు ఘరౌందా ఇళ్ల పథకం దీని కింద వచ్చినవే. 2016లో వచ్చిన కొత్త వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది.

అయితే వీటికి వైకల్య సర్టిఫికెట్ కావాలి. అందుకు వాడే 40 అంశాల కొలమానాన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థే. మనిషిని గమనించడంతో పాటు తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవడం కూడా ఆ పరీక్షలో భాగం. 'అమాయకుడు' అన్న ఒక్క మాటతోనే అరవై ఏళ్లు గడిపేసిన మనిషి ఇప్పుడు డాక్టరు ముందు కూర్చుంటే, అతని చిన్నతనం ఎలా గడిచిందో చెప్పడానికి అమ్మ ఉండదు.