కండలో మొలిచే ఎముక

కబడ్డీలో ఎదుటి ఆటగాడి మోకాలు తొడకు బలంగా తగిలితే కండ కమిలి వాచిపోతుంది. చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కొందరికి మాత్రం వాపు దిగాక కూడా లోపల గట్టి ముద్ద ఒకటి చేతికి తగులుతూనే ఉంటుంది, మోకాలు మునుపటిలా ముడుచుకోదు. మూడు నాలుగు వారాలకు ఎక్స్‌రే తీస్తే, కండ మాత్రమే ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. దీన్ని వైద్యులు మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు.

ఇదేదో సున్నం పేరుకోవడం అనుకునేరు. ఇది అసలైన ఎముక, ముదిరితే లోపల మజ్జ కూడా ఉంటుంది. అలాగని కండ పోగులు ఎముకగా మారవు. వాటి మధ్య మరమ్మతు కోసం ఉండే కణాలే దారి తప్పుతాయి. వాటిని అటు మళ్లించే సంకేతాల జాడ మొదట చూపించింది అమెరికా ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్. ఎముక ముక్కల్లోంచి ఖనిజాన్ని ఆమ్లంతో తీసేసి, మిగిలిన మెత్తటి పదార్థాన్ని జంతువుల కండల్లో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టిందని 1965లో ప్రకటించాడు. ఆ పని చేయించిన ప్రొటీన్లనే ఇప్పుడు బీఎంపీలు అంటున్నారు. ఆ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను తయారుచేసే ఏసీవీఆర్1 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటే ఎఫ్‌ఓపీ అనే అతి అరుదైన జబ్బు వస్తుంది. వాళ్లకు చిన్న దెబ్బ తగిలినా, కండకు ఇంజెక్షన్ చేసినా అక్కడ ఎముక పెరగొచ్చు. ఆ లోపాన్ని 2006లో గుర్తించారు.

మామూలు దెబ్బ వల్ల వచ్చే ముద్ద ప్రాణాంతకం కాదు గానీ, వైద్యుల్ని కంగారు పెట్టగలదు. ఇది అంచు నుంచి లోపలికి ముదురుతుంది. చుట్టూ గుడ్డు పెంకులా గట్టి ఎముక, నడుమ ఇంకా పచ్చిగా, జోరుగా విభజన చెందుతున్న కణాలు. తొందరపడి నడిమి ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఎముక క్యాన్సర్‌లా భ్రమ కలిగిస్తుంది. ఆ క్యాన్సర్‌లో సాధారణంగా వరస తిరగబడి ఉంటుంది: ముదురు భాగం నడుమ, పచ్చిది అంచున. అందుకే ముక్క తీయడానికి ముందు "దెబ్బ ఎప్పుడు తగిలింది?" అన్న ప్రశ్నకు అంత విలువ.

అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో తొడకు ఇలాంటి దెబ్బలు తగిలిన 117 మందిని గమనిస్తే దాదాపు 9 శాతం మందికి కండలో ఎముక ఏర్పడిందని 1991లో ప్రచురించారు. చికిత్స మూడు రోజులకు మించి ఆలస్యమైతే ముప్పు ఎక్కువట. అక్కడి పద్ధతిలో మొదటి 24 గంటలు మోకాలిని 120 డిగ్రీల దాకా మడిచి కట్టి ఉంచుతారు.

మన దగ్గర చేసేది వేరు. మోచేయి దెబ్బతిన్న పిల్లాడికి వేడి ఆముదం రాసి, బిగుసుకుపోకూడదని పట్టి లాగుతారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ లోపల చిట్లిన కండ ఆ మర్దనకు మళ్లీ చిట్లుతుంది, నెత్తురు మళ్లీ చిమ్ముతుంది. మోచేతి దగ్గర ఎముక పెరిగి చేయి ముడుచుకోకపోవడానికి ఈ మర్దన ఒక కారణమని ఎముకల వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కొత్త దెబ్బకు కావాల్సింది విశ్రాంతి, ఐస్, నొప్పి లేనంత మేర మెల్లగా కదలిక.

ముద్ద ఏర్పడినా చాలామందికి కోత అవసరం రాదు. అది కొంత కరగొచ్చు కూడా. నరాన్ని నొక్కుతున్నా, కీలు కదలకపోయినా తీసేస్తారు. అదీ ముదిరాకే, సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగి. పచ్చిగా ఉండగా కోస్తే అది మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ.