మామిడి టెంక మింగిన కుక్కకు ఏ స్కానింగ్?

ఎండాకాలంలో మామిడిపళ్లు తిని టెంకలు చెత్తబుట్టలో పడేస్తాం. లాబ్రడార్ లాంటి తిండిపోతు కుక్కకు అది చాలు. ఒకటి రెండు రోజులకు వాంతులు మొదలవుతాయి, తిండి ముట్టదు, మూలన ముడుచుకుని పడుకుంటుంది. నొప్పి ఎక్కడో చెప్పలేని మూగజీవి. మనకేమో టెన్షన్. డాక్టరు ఎక్స్‌రే తీయమంటారు. తీరా చూస్తే అందులో టెంక కనిపించకపోవచ్చు!

ఎక్స్‌రే నీడల బొమ్మ. కాల్షియం ఉన్న ఎముక, లోహం కిరణాలను గట్టిగా ఆపుతాయి కాబట్టి తెల్లగా పడతాయి. గాలి ఆపదు, నల్లగా పడుతుంది. నీరు, కండ, కాలేయం అన్నీ ఒకే బూడిద రంగు. రూపాయి బిళ్ల మింగితే ఎవరికైనా కనిపిస్తుంది కానీ టెంక, సాక్సు, గుడ్డపీలిక చుట్టూ ఉన్న బూడిద రంగులో కలిసిపోతాయి. అప్పుడు డాక్టరు టెంక కోసం కాదు, అది చేసిన పని కోసం వెతుకుతారు: అడ్డం పడిన చోటికి ముందు పేగు గ్యాసుతో, నీటితో ఉబ్బిపోయి ఉంటుంది.

అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్. ఇది నీడ కాదు, ప్రతిధ్వని. పొట్ట మీద బొచ్చు గొరిగి జెల్ రాసేది ఎందుకంటే, వెంట్రుకల మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోకుండా అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తుంది. లోపల టెంక ఉంటే వంపు తిరిగిన మెరుపు గీత, దాని వెనక చిక్కటి చీకటి కనిపిస్తాయి. డాల్మేషియన్ కుక్కల్లో వచ్చే యూరేట్ (యూరిక్ ఆమ్ల లవణం) మూత్రాశయ రాళ్లు కూడా ఎక్స్‌రేకు చాలాసార్లు చిక్కవు, అల్ట్రాసౌండ్‌కు చిక్కుతాయి.

అలాగని ఎక్స్‌రేని చిన్నచూపు చూడొద్దు. నాకు అన్నిటికంటే నచ్చిన కొలత దానిలోదే. గుండె పెద్దదైందా అని తెలుసుకోవాలి. చిట్టి చివావా గుండెనూ భారీ గ్రేట్ డేన్ గుండెనూ ఒకే స్కేలుతో ఎలా కొలుస్తాం? బుకానన్, బ్యూషెలర్ అనే పశువైద్యులు 1995లో చక్కటి దారి చూపారు. పక్కకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో గుండె పొడవు, వెడల్పు కొలిచి, ఆ రెండు కొలతలనూ నాలుగో ఛాతీ వెన్నుపూస నుంచి వెన్ను వెంట పరిచి ఎన్ని పూసలు పడతాయో లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో రెండూ కలిపి సగటున 9.7 పూసలు, 10.5 దాటితే సాధారణంగా అనుమానించాలి. జాతిని బట్టి కొంత తేడా ఉంటుంది. ఏ కుక్కకు ఆ కుక్క వెన్నే స్కేలు!

పొడుగు నడుము, పొట్టి కాళ్ల డాష్‌హుండ్‌కు హఠాత్తుగా వెనక కాళ్లు పడిపోతే, వెన్నుపాము నొక్కుకుపోయిందేమో చూడటానికి సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ కావాలి. బొమ్మ చెదరకుండా ఉండాలంటే కుక్క కదలకూడదు, అందుకే ఎంఆర్‌ఐకి మామూలుగా పూర్తి మత్తు ఇస్తారు.

కడుపుతో ఉన్న కుక్క విషయంలో అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే రెండూ అవసరమే, వేర్వేరు రోజుల్లో. కడుపు నిలిచి సుమారు 25 రోజులు దాటాక అల్ట్రాసౌండ్‌లో చిట్టి గుండెలు కొట్టుకోవడం చూడొచ్చు. ఎన్ని పిల్లలో మాత్రం దానిలో సరిగా తేలదు, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. 55 రోజులకు ఎముకలు గట్టిపడతాయి కాబట్టి అప్పుడు ఒక్క ఎక్స్‌రే తీసి పుర్రెలు, వెన్నులు లెక్కపెడతారు. ఈత రాత్రి ఐదు పిల్లలు పుట్టి తల్లి అలసి పడుకున్నప్పుడు, లోపల ఆరోది ఉందో లేదో ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.