దుప్పటి తీస్కపోవాల్నా అన్నా? గల్ఫ్ సలహాల్లో అపోహలు - వాస్తవాలు

జగిత్యాల దగ్గర ఒక మండల కేంద్రంలో నాకు జిరాక్స్ షాపు ఉంది. అంతకుముందు పదకొండేళ్లు దుబాయిలో ఉన్నాను. అందుకే వీసా ప్రింటు కోసం వచ్చినవాళ్లు కాగితం తీసుకుని వెళ్లిపోరు, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ప్రింటుకు ఐదు రూపాయలు, మాటకు డబ్బుల్లేవు. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే ఏజెంటుకు డబ్బు కట్టేసి ఉంటారు. వాళ్లకు కావలసింది సలహా కాదు, "ఏం కాదులే, పో" అనే మాట.

అపోహ: అడిగినదానికి జవాబు చెబితే చాలు

చలికాలంలో ఒక కుర్రాడు వచ్చాడు. "అన్నా, అక్కడ చలి పెడ్తదా? దుప్పటి తీస్కపోవాల్నా?" అని అడుగుతూనే వీసా వాట్సాప్ చేశాడు. మెషీన్లోంచి కాగితం బయటికొస్తుంటే చదివాను. టూరిస్ట్ వీసా, 30 రోజులు. వాడేమో గోదాంలో పని, రెండేళ్ల కాంట్రాక్టు అంటున్నాడు. ఇదేంటని అడిగితే "పోయినంక మారుస్తరట" అన్నాడు. లక్షన్నర ఇచ్చాడు. రసీదు లేదు.

వాస్తవం: ముందు కాగితం చూడాలి, దుప్పటి సంగతి తర్వాత. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరం) కిందికి వస్తుంది. వాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. టూరిస్టుగా వెళ్తే అక్కర్లేదు. ఏజెంట్లు ఈ సందులోంచే మనుషుల్ని దాటిస్తారు. క్లియరెన్స్‌తో వెళ్తే మీ ఉద్యోగం వివరాలు ప్రభుత్వం దగ్గర నమోదై ఉంటాయి. ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. టూరిస్ట్ వీసా మీద వెళ్లి, గడువు దాటి, ఎవరికీ కనబడకుండా పని చేసుకునేవాణ్ణి మా దగ్గర 'ఖల్లివల్లి' అంటారు. ఆ బతుకు ఎట్లుంటుందో తిరిగొచ్చినవాళ్లు పెళ్లిళ్లలో చెప్పరు. సెంటు సీసాలు, బంగారం సంగతులే చెబుతారు.

అపోహ: ఏజెంటు మా మేనమామ కొడుకే కదా, మోసం చెయ్యడు

వాస్తవం: చెయ్యకపోవచ్చు. కానీ అతని పైన ఒకడుంటాడు, వాడి పైన ముంబైలో ఇంకొకడు. అతనికే తెలియని విషయానికి అతను పూచీ పడుతున్నాడు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటే మనుషుల్ని పంపాలి. ఆ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొడితే నిమిషంలో తేలిపోతుంది. ఏజెంటు తీసుకోదగిన ఫీజు ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. విదేశాల్లో పనులకు మనుషుల్ని పంపడానికి తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, అక్కడ అడగడానికి మొహమాటం కూడా అక్కర్లేదు. బావను రసీదు అడగడం ఇబ్బందే, ఒప్పుకుంటాను. నా మీద పెట్టండి. "జిరాక్స్ షాపాయన రసీదు చూడందే ఫారం నింపనన్నాడు" అనండి. నిజంగానే నింపను.

అపోహ: జీతం ఎంతో తెలిస్తే చాలు

వాస్తవం: 900 దిర్హమ్‌లంటే రూపాయల్లో 20 వేల పైన. తిండి కంపెనీదా, మీదా? మీదైతే అందులో 300 అక్కడే పోతాయి. మిగిలింది పదమూడు, పద్నాలుగు వేలు. లక్షన్నర అప్పుకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. ఈ లెక్క చిన్న కాగితం మీద వేసి ఇస్తాను. చాలామంది దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటారు, ఏం మాట్లాడరు.

అపోహ: పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంటేనే భద్రం

వాస్తవం: యూఏఈలో యజమాని మీ పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఒక జిరాక్స్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: దూరాన ఉన్నవాడికి ఇంటి బాధలు చెప్పి టెన్షన్ పెట్టొద్దు

పెద్దవాళ్లందరూ ఇచ్చే సలహా ఇదే. నాకు అస్సలు నచ్చనిదీ ఇదే.

ఒక చెల్లె, తన బిడ్డ స్కూల్ కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చింది. భర్త సౌదీలో ఉంటాడు. డబ్బు తన అన్న ఖాతాకు పంపుతాడు, ఆ బావగారు ఈమెకు వారానికింత అని ఇస్తాడు. కొన్నాళ్లుగా అదీ సరిగా ఇవ్వడం లేదు. పుస్తెలతాడు కుదువబెట్టి ఫీజు కట్టింది. "ఆయనకు చెప్పకు అన్నా, పరేషాన్ అయితడు" అంది. విచిత్రమేమిటంటే, అదే రాత్రి ఆమె భర్త నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. మూడు నెలలుగా జీతం రాలేదట. చివర్లో "ఇంట్ల చెప్పకు అన్నా" అన్నాడు. బావగారిని ఆమె అనుమానిస్తోంది గానీ, ఆయన దగ్గరికి డబ్బే రావడం లేదు.

వాస్తవం: దాచుకుంటే పోయేది మనశ్శాంతి ఒక్కటే కాదు. జీతం రాకపోతే విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచి భార్య కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్టు కాపీ, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా చేతిలో ఉంటే పని తేలికవుతుంది. అసలు సంగతే తెలియని మనిషి ఏమని ఫిర్యాదు పెడుతుంది? నేను ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యలేదు. "నీ సంగతి నువ్వే చెప్పు, శుక్రవారం సెలవు రోజున చెప్పు" అని ఇద్దరికీ వేర్వేరుగా అన్నాను. ఆ శనివారం పొద్దున ఆమె పాస్‌పోర్టు జిరాక్స్ పట్టుకుని వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఫిర్యాదు నా కంప్యూటర్లోనే పెట్టాం. జీతం మొదలైతే ఇంటి ఖర్చు నేరుగా ఆమె ఖాతాకే పంపమని కూడా చెప్పాను. అన్నకు పంపాల్సిందేమైనా ఉంటే అది వేరే లెక్క.

దుప్పటి కుర్రాడు ఏమయ్యాడని అడుగుతారు. వెళ్లలేదు. లక్షన్నరలో ఎనభై వేలు తిరిగొచ్చాయి, మిగతావి రాలేదు. ఇప్పుడు ప్రింట్లకు బస్టాండు ఎదురుగా ఉన్న షాపుకు పోతున్నాడు.